ఆజాద్ వీసా, విజిట్ వీసా, ఖల్లివెల్లి: గల్ఫ్ ప్రశ్నలకు జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం గల్ఫ్ నుంచి, గల్ఫ్‌లో మనుషులున్న ఇళ్ల నుంచి వచ్చినవే. అమెరికా వీసాల గురించి అడిగినవాళ్లు ఒక నెల ఓపిక పట్టండి. పేర్లు తీసేశాం, ఉత్తరాలు కొంచెం కుదించాం. చాలామంది "అక్కడ మాకు హక్కులుంటాయా" అని అడుగుతున్నారు. ఉంటాయి. కానీ ఏ హక్కులు ఉంటాయన్నది మీరు చేసే పనిని బట్టి కాదు, వీసా కాగితం మీద ఏ పని రాసి ఉందో దాన్ని బట్టి ఉంటుంది. కింద వచ్చే గొడవల్లో చాలా వాటికి మూలం అక్కడే.

ప్రశ్న: మా ఆయన సౌదీలో దమ్మామ్ దగ్గర ఉంటాడు. ఆజాద్ వీసా, ఎక్కడైనా పని చేసుకోవచ్చు అని చెప్పి ఏజెంటు లక్షా ముప్పై వేలు తీసుకున్నాడు. పోయినాక చూస్తే అకామా (అక్కడ ఉండటానికి ఇచ్చే కార్డు) మీద ఇంటి డ్రైవర్ అని ఉంది. ఆయనకు బండి నడపడమే రాదు. బయట ఒక కాంట్రాక్టర్ దగ్గర టైల్స్ పని చేస్తున్నాడు, కఫీల్‌కు (వీసా ఇచ్చిన సౌదీ యజమానికి) నెలనెలా పైసలు కడుతున్నాడు. నాలుగు నెలల నుంచి కాంట్రాక్టర్ జీతం ఇస్తలేడు. పాస్‌పోర్టు కఫీల్ దగ్గరే ఉంది. సౌదీలో చట్టం మారింది, కఫీల్ ఒప్పుకోకున్నా వేరే చోటికి మారొచ్చు అని యూట్యూబ్‌లో చెప్తున్నరు. నిజమేనా?
– ఒక సోదరి, జగిత్యాల జిల్లా

జవాబు: చట్టం మారిన మాట నిజమేనమ్మా, కానీ ఆ మార్పు మీ ఆయనకు వర్తించదు. 2021 మార్చి 14 నుంచి సౌదీలో కంపెనీ కార్మికులు ఏడాది పని చేశాక, కొన్ని షరతుల మీద, యజమాని అనుమతి లేకుండానే ఇంకో కంపెనీకి మారొచ్చు. మూడు నెలలు వరసగా జీతం ఇవ్వకపోయినా, అకామా రెన్యువల్ చేయకపోయినా ఏడాది ఆగక్కర్లేదు కూడా. అయితే ఇంటి డ్రైవర్లు, ఇళ్లల్లో పనివాళ్లు, తోటమాలులు, గొర్రెల కాపర్లు, పొలం పనివాళ్లను ఆ సంస్కరణ నుంచి పక్కన పెట్టారు. మన జిల్లాల నుంచి ఏజెంట్లు ఎక్కువగా అమ్మేది సరిగ్గా ఈ వీసాలే. యూట్యూబ్ వీడియోలు చేసేవాళ్లు ఆ సంగతి చెప్పరు, చెప్తే ఎవరూ చూడరు కదా.

ఆజాద్ వీసా అనేది సౌదీ చట్టంలో ఎక్కడా లేదు. ఒక సౌదీ మనిషి తన ఇంటికి డ్రైవర్ కావాలని వీసా తీసుకుని, దాన్ని ఏజెంటుకు అమ్ముకుని, వచ్చిన మనిషిని బయటికి వదిలి నెలనెలా వసూలు చేస్తే దాని పేరు ఆజాద్. అట్లా వదలడం కఫీల్ తప్పు, వేరేవాళ్ల దగ్గర పని చేయడం కార్మికుడి తప్పు, పనిలో పెట్టుకోవడం కాంట్రాక్టర్ తప్పు. పట్టుబడినప్పుడు మాత్రం ముందు తర్హీల్‌కు, అంటే దేశం నుంచి పంపించేసే ముందు పెట్టే జైలుకు, పోయేది మన మనిషే.

అందుకని ఆయన కోపంలో కఫీల్ ఇంటికి వెళ్లి గొడవ పడకూడదు. కఫీల్ చేతిలో ఉన్న ఆయుధం హురూబ్, అంటే ఈ మనిషి పారిపోయాడని రిపోర్టు పెట్టడం. అది పడితే తర్వాత నడవడం చాలా కష్టం. ముందు రియాద్‌లోని మన ఎంబసీకి రాతపూర్వకంగా ఫిర్యాదు వెళ్లాలి. ఆయన వెళ్లలేకపోతే ఇక్కడి నుంచి మీరే విదేశాంగ శాఖ వారి మదద్ పోర్టల్‌లో పెట్టవచ్చు, పాస్‌పోర్టు నంబరు ఉంటే చాలు. అందులో రెండు సంగతులు స్పష్టంగా రాయండి. ఒకటి, పాస్‌పోర్టు కఫీల్ దగ్గర ఉంది. పాస్‌పోర్టు పట్టి ఉంచుకోవడం అక్కడి నిబంధనలకు కూడా విరుద్ధమే. రెండోది, కాగితం ప్రకారం జీతం ఇవ్వాల్సిన మనిషి కఫీల్, ఆయన ఒక్క నెల జీతం కూడా ఇవ్వలేదు. ఇంటి పనివాళ్ల నిబంధనల్లో కూడా మూడు నెలలు జీతం అందకపోతే యజమాని ఒప్పుకోలు లేకుండా మారే అవకాశం పెట్టారు, ఎంబసీ వాళ్లు ఆ దారిలో ప్రయత్నం చేయగలరు.

కాంట్రాక్టర్ ఇవ్వాల్సిన నాలుగు నెలల జీతం సంగతి నిజం చెప్పాలంటే గట్టి కేసు కాదు, ఎందుకంటే వాళ్లిద్దరి మధ్య కాగితం లేదు. అయినా వాట్సాప్ వాయిస్ మెసేజ్‌లు, సైట్ దగ్గర తీసుకున్న ఫొటోలు, ముందు నెలల్లో పైసలు పడిన రసీదులు ఏవీ చెరిపేయొద్దని చెప్పండి. ఫోన్ పోతే అవీ పోతాయి, కాబట్టి మీకు పంపించి పెట్టమనండి.

మీరు గట్టిగా పట్టుకోవాల్సింది ఇక్కడి ఏజెంటును. 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా మనుషులను విదేశీ ఉద్యోగాలకు పంపడం నేరం, రెండేళ్ల దాకా జైలు. లైసెన్సు ఉన్నా సరే, కార్మికుడి నుంచి సర్వీస్ చార్జి కింద 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ, అంతకు మించి తీసుకోకూడదు, దానికి రసీదు కూడా ఇవ్వాలి. మీ దగ్గర తీసుకున్నది లక్షా ముప్పై వేలు. లైసెన్సు ఉందో లేదో ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో పేరు కొట్టి చూడండి. తర్వాత పోలీస్ స్టేషన్‌లో మోసం కేసు పెట్టండి. 2024 జులై 1 తర్వాత జరిగితే భారతీయ న్యాయ సంహిత 318, అంతకు ముందైతే పాత 420. దాని కాపీ జత చేసి హైదరాబాద్‌లోని ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ ఆఫీసుకు కూడా ఫిర్యాదు ఇవ్వండి. "ఊరి మనిషి, చుట్టపాయన, కేసు ఎట్లా పెడతాం" అని ఆగిపోయేవాళ్లు చాలామంది. పైసలు తిరిగి రాబట్టుకున్నవాళ్లలో ఎక్కువమంది కేసు పెట్టినవాళ్లే.

ప్రశ్న: నేను టెన్త్ తర్వాత ఐటీఐ ఎలక్ట్రీషియన్ చేశాను. దుబాయ్‌కి విజిట్ వీసా మీద వెళ్లి అక్కడ పని దొరికాక వీసా మార్చుకోవచ్చని ఫ్రెండ్ అంటున్నాడు. వెళ్లొచ్చా?
– నిజామాబాద్

జవాబు: లోపల ఉండి విజిట్ వీసాను ఎంప్లాయ్‌మెంట్ వీసాగా మార్చుకోవడం చట్టబద్ధమే, మీ ఫ్రెండ్ చెప్పింది అంతవరకు కరెక్ట్. ఆయన చెప్పనిది ఏంటంటే వర్క్ పర్మిట్ వచ్చేదాకా ఒక్క రోజు కూడా పని చేయకూడదు. "ఈ రెండు నెలలు పని చెయ్, తర్వాత వీసా కొట్టిస్తాం" అనే కంపెనీలు అక్కడ తక్కువేమీ లేవు, రెండు నెలలయ్యాక వీసా ఉండదు, జీతమూ ఉండదు. 2024లో యూఏఈ చట్టం కఠినం చేసి, పర్మిట్ లేకుండా పనిలో పెట్టుకునే యజమానికి లక్ష దిర్హామ్‌ల నుంచి పది లక్షల దిర్హామ్‌ల దాకా జరిమానా పెట్టింది. అంత జరిమానా భయం ఉన్నవాడు తనిఖీ వస్తే మిమ్మల్ని ఎవరో తెలియదంటాడు.

మీరు టెన్త్ పాసయ్యారు కాబట్టి మీ పాస్‌పోర్టు మీద ఈసీఆర్ ముద్ర, అంటే పనికి వెళ్లే ముందు ప్రభుత్వ అనుమతి కావాలనే ముద్ర, ఉండదు. దీన్ని అందరూ అదృష్టం అనుకుంటారు. కానీ ఈసీఆర్ వాళ్లకు ఎమిగ్రేషన్ క్లియరెన్స్ ఉంటుంది, ఒప్పందం చూస్తారు, ప్రవాసీ భారతీయ బీమా తప్పనిసరిగా చేయిస్తారు, రెండేళ్లకు 275 రూపాయలు కడితే ప్రమాదంలో ఏమైనా జరిగితే 10 లక్షలు. మిమ్మల్ని ఎయిర్‌పోర్టులో ఎవరూ ఏమీ అడగరు, అంటే మీ జాగ్రత్త మీరే పడాలి.

నా సలహా అయితే ఇక్కడ కూర్చునే ఆఫర్ లెటర్ తెప్పించుకోండి. అది కంపెనీ లెటర్‌హెడ్ మీద ఉండే కాగితం కాదు, అక్కడి మానవ వనరుల శాఖ, మొహ్రే అంటారు, దాని సిస్టమ్‌లో నమోదయ్యే లెటర్. నంబరుతో సరిచూసుకోవచ్చు. అందులో బేసిక్ ఎంత ఉందో చూడండి, మొత్తం జీతం కాదు. గ్రాట్యుటీ, అంటే పని మానేటప్పుడు సర్వీసుకు ఇచ్చే డబ్బు, దాని లెక్క బేసిక్ మీదే. వీసా ఖర్చులు, రిక్రూట్‌మెంట్ ఖర్చులు యజమాని పెట్టుకోవాలని అక్కడి చట్టమే చెబుతోంది. తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్‌లో పేరు నమోదు చేసుకోవడం కూడా మంచిది, ఎలక్ట్రీషియన్లకు గిరాకీ ఉంటుంది, కాస్త టైమ్ పడుతుంది అంతే.

ప్రశ్న: నా వయసు 27. ఏడో తరగతి చదివాను. మా పిన్ని కువైట్‌లో ఇంటి పని చేస్తుంది, నన్నూ రమ్మంటోంది. 30 ఏళ్లు నిండకపోతే పంపరని ఏజెంటు చెప్పాడు, పుట్టిన తేదీ మార్చి కొత్త పాస్‌పోర్టు తీయిస్తానంటున్నాడు. లేదంటే ముందు దుబాయ్ విజిట్ మీద పంపి అక్కడి నుంచి కువైట్ పంపుతాడట. ఏది మంచిది?
– రాజోలు దగ్గర పల్లె, కోనసీమ

జవాబు: రెండూ వద్దు తల్లీ. తప్పుడు తేదీతో పాస్‌పోర్టు తీసుకోవడం పాస్‌పోర్టు చట్టం కింద నేరం, రెండేళ్ల దాకా శిక్ష ఉంది, పాస్‌పోర్టు నీ పేరు మీద కాబట్టి నేరమూ నీ పేరు మీదే పడుతుంది, ఏజెంటు మీద కాదు. దుబాయ్ మీదుగా పోతే నువ్వు కువైట్‌లో ఉన్నట్టు మన ప్రభుత్వం దగ్గర ఎక్కడా నమోదు ఉండదు. రేపు ఏదైనా అయితే మీ అమ్మ కలెక్టరేట్‌కు వెళ్లి ఏం చూపిస్తుంది?

ఈసీఆర్ పాస్‌పోర్టు ఉన్న ఆడవాళ్లను గల్ఫ్‌తో కలిపి 18 దేశాలకు పనికి పంపాలంటే 30 ఏళ్లు నిండాలి. 2016 ఆగస్టు నుంచి వాళ్లను ప్రైవేటు ఏజెంట్లు పంపడానికి వీల్లేదు, ప్రభుత్వ సంస్థల ద్వారానే వెళ్లాలి, ఆంధ్రప్రదేశ్‌లో అది ఓంక్యాప్. ఈ 30 ఏళ్ల నియమం నాకు పెద్దగా నచ్చదు. 27 ఏళ్ల మనిషికి తన మంచిచెడ్డలు తెలియవా? దానివల్ల ఆడవాళ్లు వెళ్లడం ఆగలేదు, దొంగదారి ఏజెంట్లకు బేరాలు పెరిగాయి, అంతే. కానీ నియమం ఉన్నంతవరకు దాన్ని దాటితే నష్టపోయేది నువ్వు.

ఇంకో సంగతి. కువైట్‌లో ఇంటి పనికి ఇచ్చేది 20 నంబర్ వీసా, కంపెనీలకు ఇచ్చేది 18. రెండింటికీ చట్టాలు వేరు. 20 వాళ్ల కోసం 2015లో 68 నంబర్ చట్టం తెచ్చారు. గల్ఫ్ దేశాల్లో ఇంటి పనివాళ్ల కోసం వచ్చిన చట్టాల్లో అది మెరుగైనదనే చెప్పాలి. రోజుకు 12 గంటలకు మించి పని చేయించకూడదు, వారానికి ఒక రోజు సెలవు, ఏడాదికి 30 రోజులు జీతంతో సెలవు, పని మానేసేటప్పుడు ఏడాదికి ఒక నెల జీతం చొప్పున లెక్క కట్టి ఇవ్వాలి. పాస్‌పోర్టు సేటు దగ్గర పెట్టుకోకూడదు. కనీస జీతం 60 దీనార్లు అని 2016లో పెట్టారు. చట్టం కాగితం మీద బాగుంది గానీ, తలుపు వేసి ఉన్న ఇంట్లోకి ఏ ఇన్‌స్పెక్టరూ రాడు. పిన్ని దగ్గర ఉండటం వేరు, ఆమె పని చేసే ఇంట్లోనే నీకూ పని దొరకడం వేరు, ఎవరింట్లో పడతావో పిన్నికి కూడా తెలియదు.

మూడేళ్లు ఆగగలిగితే ఆగి ఓంక్యాప్‌లో నమోదు చేసుకుని వెళ్లు. ఈలోగా ఓపెన్ స్కూల్‌లో టెన్త్ కట్టి పాసయ్యావనుకో, ఈసీఆర్ గొడవే పోతుంది. ఎప్పుడు వెళ్లినా ఎంబసీ నంబరు ఫోన్‌లోనే కాదు, నోటికి కూడా వచ్చి ఉండాలి. చాలా ఇళ్లల్లో ముందు లాక్కునేది ఫోనే. ఇంట్లో నుంచి బయటపడి ఎంబసీకి చేరుకున్న మన ఆడవాళ్లకు అక్కడ ఉండటానికి చోటిస్తారు.

ప్రశ్న: ఖతర్‌లో మూడేళ్లుగా ఒకే కంపెనీలో ఉన్నాను. వేరే కంపెనీ ఎక్కువ జీతం ఇస్తానంటోంది. మా మేనేజర్ ఎన్‌ఓసీ (మారడానికి అభ్యంతరం లేదనే కాగితం) ఇవ్వను, ఇంటికి పంపిస్తా అంటున్నాడు.
– నిర్మల్ జిల్లా, ప్రస్తుతం దోహా

జవాబు: ఎన్‌ఓసీ అక్కర్లేదు తమ్ముడూ. 2020లోనే తీసేశారు. రెండేళ్లు దాటింది కాబట్టి రెండు నెలల నోటీసు ఇవ్వాలి, కార్మిక శాఖ ఆన్‌లైన్ సిస్టమ్‌లో మారే అర్జీ పెట్టాలి. రాజీనామా వాట్సాప్‌లో పెట్టి ఊరుకోకు. కొత్త కంపెనీ ఒప్పందం మీద శాఖ ముద్ర పడేదాకా పాతచోట పని మానకు, మానితే పారిపోయాడని కేసు పెడతారు, మేనేజర్ బెదిరింపుల్లో నిజంగా జరిగే ప్రమాదం అదొక్కటే. దేశం వదిలి రావడానికి కూడా చాలామందికి ఎగ్జిట్ పర్మిట్ తీసేశారు. పక్కనున్న కువైట్ మాత్రం 2025 జులై 1 నుంచి 18 నంబర్ వీసా వాళ్లకు ఎగ్జిట్ పర్మిట్ కొత్తగా పెట్టింది, ఒకచోట తీసేస్తే ఇంకోచోట తగిలిస్తున్నారు. ఇంకోటి, ఖతర్‌లో 2021 మార్చి నుంచి కనీస జీతం నెలకు 1000 రియాల్స్, తిండి, వసతి కంపెనీ ఇవ్వకపోతే వాటికి మరో 300, 500. నీ పాత జీతం దానికన్నా తక్కువ ఉంటే పోయేముందు ఆ తేడా కూడా అడుగు.

ప్రశ్న: మా అన్న షార్జాలో ఎనిమిదేళ్లు ఒకే కంపెనీలో పని చేశాడు. రెండు నెలల క్రితం క్యాంపులో గుండెపోటుతో చనిపోయాడు. కంపెనీ వాళ్లు డెడ్‌బాడీ పంపారు. డబ్బుల గురించి అడిగితే సహజ మరణం కాబట్టి ఏమీ రాదు, ఈ పేపరు మీద వదినతో సంతకం పెట్టించి పంపండి అన్నారు. బేసిక్ జీతం 1200 దిర్హామ్‌లు.
– సిరిసిల్ల

జవాబు: ఆ పేపరు మీద సంతకం పెట్టొద్దు. ఇంకా పంపలేదు కదా, మంచిది. ఆ పేపరులో బహుశా లెక్కలన్నీ తీరిపోయాయని రాసి ఉంటుంది.

ప్రమాదంలో చనిపోతే వచ్చే పరిహారం వేరు, సర్వీసుకు వచ్చే డబ్బు వేరు. కంపెనీ వాళ్లు రెండూ కలిపేసి మిమ్మల్ని గందరగోళం చేస్తున్నారు. పని వల్ల కాకుండా గుండెపోటుతో పోతే పరిహారం రాకపోవచ్చు. ప్రవాసీ భారతీయ బీమా కూడా ప్రమాద మరణానికే. కానీ గ్రాట్యుటీ మనిషి ఎలా చనిపోయినా వారసులకు ఇచ్చి తీరాలి. యూఏఈలో మొదటి ఐదేళ్లకు ఏడాదికి 21 రోజుల బేసిక్, ఆ తర్వాత ఏడాదికి 30 రోజులు. 1200 అంటే రోజుకు 40. మొదటి ఐదేళ్లకు 105 రోజులు, 4200. తర్వాత మూడేళ్లకు 90 రోజులు, 3600. మొత్తం 7800 దిర్హామ్‌లు. దీనికి ఆఖరి నెల జీతం, వాడుకోని సెలవుల డబ్బు కలపండి. పెద్ద మొత్తం కాదు కానీ మీ వదినది, కంపెనీది కాదు.

దీనికి తహసీల్దారు ఇచ్చే కుటుంబ సభ్యుల ధ్రువపత్రం, అక్కడి మరణ ధ్రువపత్రం, మీ వదిన తరఫున అక్కడ ఎవరు మాట్లాడతారో వాళ్ల పేరు మీద పవర్ ఆఫ్ అటార్నీ కావాలి. ఆ పవర్ ఆఫ్ అటార్నీని రాష్ట్ర ప్రభుత్వం, విదేశాంగ శాఖ, ఆ తర్వాత యూఏఈ కాన్సులేట్ వరసగా ధ్రువీకరించాలి, వరస తప్పితే వెనక్కి పంపుతారు. అవి పట్టుకుని దుబాయ్‌లోని మన కాన్సులేట్ ద్వారా అడిగితే చాలా కంపెనీలు కేసుదాకా రానివ్వకుండా ఇచ్చేస్తాయి. ఇవ్వకపోతే మొహ్రేలో ఫిర్యాదు. 50,000 దిర్హామ్‌ల లోపు తగాదాలను 2024 నుంచి ఆ శాఖే తేల్చేస్తుంది. గడువు రెండేళ్లు, అయినా ఆలస్యం చేయొద్దు, క్యాంపులో మీ అన్నతో ఉన్నవాళ్లు ఊళ్లకు వచ్చేస్తారు, సాక్ష్యం చెప్పేవాళ్లు ఉండరు.

ఇక్కడ ఇంకో డబ్బు కూడా ఉంది. గల్ఫ్‌లో చనిపోయిన తెలంగాణ కార్మికుల కుటుంబాలకు రాష్ట్ర ప్రభుత్వం 5 లక్షలు ఇస్తోంది, 2023 డిసెంబర్ 7 తర్వాతి మరణాలకు. ప్రమాదమా సహజ మరణమా అన్న తేడా అందులో లేదు. కలెక్టర్‌కు అర్జీ ఇవ్వండి. దీన్ని ముందు చేయండి.

ప్రశ్న: మూడేళ్ల నుంచి దుబాయ్‌లో ఖల్లివెల్లిగా (కంపెనీ వదిలేసి, వీసా లేకుండా) ఉన్నాను. కంపెనీ జీతం ఇవ్వక వదిలేసి వచ్చాను. పోయిన క్షమాభిక్షలో భయపడి బయటికి రాలేదు. మళ్లీ ఎప్పుడు ఇస్తారు? నాకు జీతం అడిగే హక్కు ఏమైనా మిగిలిందా?
– పేరు, ఊరు వద్దన్నారు

జవాబు: మళ్లీ ఎప్పుడు అనేది ఎవరు చెప్పినా నమ్మకండి. పోయినసారి 2024 సెప్టెంబర్ 1 నుంచి డిసెంబర్ 31 దాకా ఇచ్చారు, జరిమానా లేదు, తిరిగి రావడానికి బ్యాన్ కూడా లేదు.  ఒక క్షమాభిక్షకూ ఇంకోదానికీ మధ్య ఏళ్లు గడుస్తాయి. అలా ఎదురుచూస్తూ కూర్చుంటే రోజుకు 50 దిర్హామ్‌ల చొప్పున ఓవర్‌స్టే జరిమానా పెరుగుతూనే ఉంటుంది, మూడేళ్లకు లెక్క వేస్తే యాభై వేలు దాటుతుంది. అది చూసి గుండె ఆగినంత పనవుతుంది గానీ, తగ్గించమనీ మాఫీ చేయమనీ అర్జీ పెట్టుకునే దారి క్షమాభిక్ష లేనప్పుడు కూడా ఉంది. దుబాయ్‌లోని ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రంలో న్యాయ సలహా ఉచితం. మన కాన్సులేట్ వాళ్లు మిమ్మల్ని పోలీసులకు పట్టించరు, ఈ భయంతో ఎంతమంది ఆగిపోయారో.

జీతం సంగతి. వీసా పోతే చేసిన పనికి రావాల్సిన జీతం పోదు. కానీ పని మానేసి మూడేళ్లు దాటింది, ఫిర్యాదుకు ఉన్న గడువు అయిపోయింది, దాని మీద ఆశ పెట్టుకోవద్దనే నేను చెబుతాను. కంపెనీ మీ మీద పారిపోయినట్టు కేసు పెట్టిందా లేదా అన్నది ముందు తెలుసుకోండి, ఇంటికి వచ్చే దారిలో అడ్డుపడేది అదే. బ్యాంకు లోనో క్రెడిట్ కార్డో ఏమైనా ఉంటే అది కూడా చెప్పండి, ఎయిర్‌పోర్టులో తెలిస్తే చాలా ఆలస్యమైనట్టు.

పాస్‌పోర్టు మీ దగ్గర లేకపోతే కంగారు పడొద్దు. కాన్సులేట్ వాళ్లు అవుట్‌పాస్, అంటే పాస్‌పోర్టు బదులు ఇంటికి రావడానికి పనికొచ్చే కాగితం, ఇస్తారు, దానికి మీరు భారతీయుడని చూపించే కాగితం ఏదో ఒకటి కావాలి. పాత పాస్‌పోర్టు జిరాక్స్ ఇంట్లో ఉందేమో అడగండి, లేకపోతే ఆధార్, ఓటర్ కార్డు ఫొటో తీసి పంపమనండి.